సముద్రం చూడబోయేవారికి: యాత్రా బస్సా, సొంత ప్రయాణమా?

కార్తీకమాసం సమీపించేసరికి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో బస్టాండు గోడల మీద, హోటళ్ళ ముందర రంగురంగుల కాగితాలు కనిపించడం మొదలవుతుంది. పైన పెద్ద అక్షరాలలో 'దక్షిణ భారత యాత్ర' అని ఉంటుంది. క్రింద తిరుపతి, కంచి, అరుణాచలం, శ్రీరంగం, మధుర, రామేశ్వరం, కన్యాకుమారి అని ఒక వరుస. భోజనం, బస తమవేనని ఒక హామీ. చిట్టచివర ఒక ఫోను నంబరు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని ఇంటికి పోయిన నాటి నుండి ఆ ఇంట్లో చర్చ ప్రారంభమవుతుంది.

ఈ విషయమై కోరుట్ల నుండి ఒక శ్రోత మాకు జాబు వ్రాసినారు. గల్ఫ్‌లో ఉన్న కుమారుడు డబ్బు పంపి, అమ్మను తీసికొని రామేశ్వరం పోయి రమ్మన్నాడట. యాత్రా బస్సులో అయితే నిశ్చింత అని ఆమె అంటున్నదట. రైలులో మన అంతట మనమే పోదామని ఆయన పట్టుదల. ఆలుమగల తగవు తీర్చడం రేడియో పని కాదు గాని, ప్రశ్న మాత్రం ఒక్క ఇంటిది కాదు. అందుచేత దీనిని గూర్చి మాకు తెలిసినంత చెప్పదలచినాము.

ముందుగా ఒక మాట. ఈ ప్రాంతం వారు ప్రయాణం ఎరుగనివారు కారు. సిరిసిల్ల నేతపనివారు ఏనాటి నుండో భీవండికి, షోలాపూరుకు, సూరత్‌కు పోయి మగ్గాలు నడిపినవారు. జగిత్యాల, కోరుట్ల పల్లెల యువకులు దుబాయికి, మస్కట్టుకు, దోహాకు పోయి వస్తూనే ఉన్నారు. భాష రాని ఊళ్ళో దిగి, గది వెదకుకొని, పని కుదుర్చుకొని, నెలనెలా ఇంటికి డబ్బు పంపడం కన్న పెద్ద స్వతంత్ర ప్రయాణం ఏమున్నది? కాని అవన్నీ పొట్టకూటి కొరకు చేసిన ప్రయాణాలు. బొంబాయిలో విమానమెక్కిన కుర్రవాడు సముద్రాన్ని కిటికీలో నుండి చూచి ఉంటాడు. దాని ఒడ్డున తీరికగా కూర్చుండి ఉండడు. ఇంటివద్ద బీడీలు చుట్టి పిల్లలను పెంచిన అతని తల్లికి ఆ కిటికీ చూపు సైతం దక్కలేదు. ఆమె ఎరిగిన పెద్ద నీరు ధర్మపురి దగ్గరి గోదావరి. సముద్రమా, ఏ దిక్కుగా పోయినా 300 కిలోమీటర్లకు మించిన దూరం. అట్టి మనిషి జన్మలో ఒక్కసారి సముద్రం చూడబోతున్నప్పుడు, ఏ విధంగా పోవాలన్నది చిన్న విషయం కాదు.

బృందంగా పోవడం, ఎవరికి వారు పోవడం అన్న రెండు పద్ధతులూ మనకు కొత్తవి కావు. 1830 మే 18న చెన్నపట్నం నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య సుమారు 100 మందిని వెంటబెట్టుకొని పోయినారు. ఆయన అక్కడి సుప్రీంకోర్టులో దుబాసీ. హైదరాబాదు, నాగపురం మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూచుకొని, తూర్పు సముద్రతీరం వెంబడి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినారు. బోయీలు, వంటవారు, గుడారాలు అన్నీ వెంట నడిచినవి. అయితే ఎప్పుడు కదలాలి, ఎక్కడ నిలవాలి అన్న నిర్ణయం ఆయన చేతిలో ఉండేది. దారిలో ఎక్కడ సత్రమున్నదో, ఎక్కడ సరకులు దొరుకుతవో మజిలీ మజిలీకి వ్రాసిపెట్టినారు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర తరువాతివారికి దారి చూపే పుస్తకమైనది. ఒకే ప్రయాణం, వీరాస్వామయ్యగారికి అది స్వతంత్ర యాత్ర, వెంట నడచిన 100 మందికి బృంద యాత్ర.

ఐరోపాలో ఈ బేరాన్ని వ్యాపారంగా మలచినవాడు థామస్ కుక్ అనే కొయ్యపనివాడు. 1841 జూలై 5న ఆయన ఇంగ్లండులోని లెస్టర్ నుండి లఫ్‌బరోకు, తలకు ఒక షిల్లింగు చొప్పున, సుమారు 500 మందిని ప్రత్యేక రైలులో తీసికొని పోయినాడు. అది మద్యనిషేధ సభకు పోయిన రైలు. 1855 నాటికి ఆయన బృందాలు సముద్రం దాటి ఐరోపా ఖండానికి పోవడం మొదలైనది. అదే కాలంలో జర్మనీలో కార్ల్ బెడెకర్ అనే ప్రచురణకర్త చేతిలో పట్టే మార్గదర్శక గ్రంథాలు అచ్చువేసి, అద్దె మార్గదర్శకుల మీద ఆధారపడనవసరం లేకుండ యాత్రికుని తన కాళ్ళ మీద తనను నిలబెట్టజూచినాడు. నేటికీ ప్రపంచంలో యాత్రికులు ఈ ఇద్దరిలో ఒకరి బాటలోనే నడుస్తున్నారు.

కుక్ స్థాపించిన సంస్థ 2019 సెప్టెంబరు 23న కూలిపోయినది. స్పెయిన్, గ్రీసు, టర్కీ సముద్రతీరాలలో, మరికొన్ని చోట్ల విహరిస్తున్న సుమారు 1,50,000 మంది బ్రిటిషు యాత్రికులను వారి ప్రభుత్వం విమానాలు పంపి ఇల్లు చేర్చవలసి వచ్చినది. (మన దేశంలో అదే పేరుతో ఉన్నది వేరొక సంస్థ, దానికి ఈ పతనంతో సంబంధం లేదు.) అక్కడ ఇటువంటి ఆపదకై చట్టం ప్రకారం ముందే కూడబెట్టిన రక్షణ నిధి ఒకటి ఉన్నది. మన పట్టణంలో గోడకాగితం చూచి అడ్వాన్సు కట్టే మనిషికి చేతిలోని రసీదే రక్షణ. దానిని గూర్చి మళ్ళీ చెబుతాము.

యాత్రా బస్సును తేలికగా కొట్టివేయరాదు. మా తల్లిగారిని తీసికొని ఒకసారి సొంతంగా దక్షిణదేశం పోయినప్పుడు ఆ బస్సు విలువ మాకు తెలిసివచ్చినది. వరంగల్లులో రైలెక్కి మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగినాము. రామేశ్వరం బండి ఎగ్మోరు స్టేషను నుండి పోతుంది. రెండు స్టేషన్లకు నడుమ దూరం తక్కువే. కాని ఆటో నడిపే అతనికి మేము చెప్పినది అర్థం కాలేదు, అతడు చెప్పినది మాకు అర్థం కాలేదు. ఊరంతా చుట్టి చేరేసరికి బండి వెళ్ళిపోయినది. ఆ రాత్రి ప్లాట్‌ఫారం మీద సంచులకు ఆనుకొని గడిపినాము. తెల్లవారి మా తల్లిగారు వాచిన పాదాలు చూపించి, "ఆ బస్సుల వోయి ఉంటె ఈ గోస ఉండకపోవు బిడ్డా" అన్నారు. బదులు చెప్పడానికి మావద్ద ఏమీ లేకపోయినది.

బస్సులో ఈ భారం నిర్వాహకునిది. గది ఎక్కడ, గుడి తలుపులు ఎప్పుడు తీస్తారు, చెప్పులు ఎక్కడ విడవాలి అన్న చింత యాత్రికునికి లేదు. వంటవారు బియ్యం, పప్పు, కారం, చింతపండు ఇంటి నుండే మోసికొని వస్తారు. ఎనిమిది రోజులు సాంబారు తిన్న తెలంగాణ నోటికి తొమ్మిదవ నాడు పచ్చిపులుసు దొరికితే కలిగే తృప్తి తిన్నవారికే తెలుసును. అంతకన్న ముఖ్యం, తోడు. ఒంటరిగా ఏ ఊరికీ పోయి ఎరుగని వితంతువులు, చదువు రాని వృద్ధులు బస్సులో నిర్భయంగా బయలుదేరుతారు. పక్క సీటులో పద్మశాలి వాడకట్టు ఆమె, ముందు సీటులో మెట్‌పల్లి ఆమె; రెండవ నాటికి అంతా అక్కాచెల్లెళ్ళే. బస్సు లేకపోతే వీరిలో చాలామంది గడప దాటి ఉండరు.

మరి బస్సు తీసికొనేది ఏమిటి? డబ్బు అని అందరూ అంటారు. మా లెక్కలో అది తీసికొనేది కాలం.

మరొక యాత్రలో మేము కూడ బస్సులోనే కన్యాకుమారి చేరినాము. తెల్లవారుజామున 4 గంటలకు లేపినారు. సూర్యోదయం చూడండి, స్నానం కానీయండి, గుడి చూచుకోండి, 8 గంటలకు బస్సు కదులుతుంది అన్నారు. మా బృందంలో కోరుట్ల నుండి వచ్చిన ఒక వృద్ధురాలు ఉండేది. నలుబది యేండ్లు బీడీలు చుట్టిన చేతులు. ఆమె మోకాలిలోతు నీటిలో నిలబడి, అల వచ్చినప్పుడల్లా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని, అల పోగానే కాళ్ళ క్రింద జారిపోయే ఇసుకను చూచుకొంటూ ఉన్నది. గుడి సంగతి ఆమెకు పట్టలేదు. బస్సు హారను మ్రోగినది. పిల్లవాడొకడు పరుగెత్తి వచ్చి, "అవ్వా, జల్ది రా, బస్సు ఎల్లిపోతది" అన్నాడు. ఆమె వెనుకకు తిరగకుండనే, "ఇంకొంచెంసేపు ఉండనియ్యి బిడ్డా, మల్ల జూస్తనా?" అన్నది. మూడవ హారనుకు బయటికి వచ్చినది. ఆ మధ్యాహ్నం బస్సును దారిలో ఒక పట్టుచీరల దుకాణం ముందర గంటన్నర నిలిపినారు. ఆ దుకాణానికీ నిర్వాహకునికీ ఏమి ఒప్పందమో మేము అడుగలేదు.

ఈ గంటన్నరను సముద్రం ఒడ్డున ఇచ్చి ఉండవలసినది.

రామేశ్వరం సంగతి చూడండి. ఆలయంలో 22 తీర్థాలున్నవి. మొదట అగ్నితీర్థమని పిలిచే సముద్రంలో మునిగి, తడిబట్టలతోనే బావి నుండి బావికి పోతూ, తోడి పోసిన నీటితో స్నానం చేయాలి. పిమ్మట పొడిబట్టలు కట్టుకొన్న గాని గర్భాలయం వైపు పోనియ్యరు. వరుస పెరిగిన రోజున ఈ పనికే ఒక పూట చాలదు. కాశీ యాత్ర సంకల్పించినవారు ఇక్కడి ఇసుకను తీసికొని పోయి ప్రయాగలో గంగలో కలిపి, అక్కడి గంగాజలం తెచ్చి రామేశ్వరునికి అభిషేకం చేయించే ఆచారం కూడ ఉన్నది. ఇదంతా అయిన పిమ్మట ధనుష్కోటి. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుఫానులో ఆ ఊరు నశించినది; ఊరు చేరబోతున్న రైలుబండి ప్రయాణికులతో సహా కొట్టుకొనిపోయినది. నేడు స్టేషను గోడలు, చర్చి గోడలు మొండిగా నిలిచి ఉన్నవి. నేల చివరి దాకా పోయే రోడ్డును 2017లో ప్రారంభించినారు. పొద్దు వాలక ముందే వాహనాలను వెనుకకు మళ్ళిస్తారు. రామేశ్వరానికి ఒక్క పూట కేటాయించిన బస్సు వారికి ధనుష్కోటి ఒక పరుగు మాత్రమే.

ప్రయాణ సాధనాన్ని బట్టి చూచేది కూడ మారుతుంది. పాంబను దగ్గర సముద్రం మీద 1914లో తెరచిన పాత రైలు వంతెన పైన 2022 డిసెంబరులో బండ్లు ఆపివేసినారు. దాని పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైనది. ఓడలు పోవడానికి దాని నడిమి భాగం నిలువుగా పైకి లేస్తుంది. బస్సువారు 1988 నాటి రోడ్డు వంతెన మీద నుండి దానిని చూచి పోతారు. రైలువారు దాని మీదుగా, ఇరువైపుల నీరు తప్ప మరేమీ కనిపించకుండ, మెల్లగా దాటుతారు. మా తల్లిగారు మద్రాసు రాత్రిని మన్నించినది ఆ వంతెన మీదనే.

ఇక సొంతంగా పోదలచినవారికి డబ్బు లెక్క. బస్సు రుసుమును, రైలు టిక్కెట్టును పక్కపక్కన పెట్టి రైలు చౌక అనుకోవడం సామాన్యంగా జరిగే పొరపాటు. రైలు టిక్కెట్టుకు గది అద్దె, రెండు పూటల భోజనం, స్టేషను నుండి గుడికి, గుడి నుండి గదికి ఆటోలు చేర్చాలి. అటువైపు బస్సు రుసుములో చేరనివి కూడ ఉంటాయి: కన్యాకుమారిలో వివేకానంద శిలకు పోయే పడవ టిక్కెట్టు, తీర్థస్నానాల టిక్కెట్టు, ప్రత్యేక దర్శనం, ఉదయపు ఫలహారం. ఒక తెల్లకాగితం నడుమ గీత గీసి రెండు వైపుల అన్నీ వ్రాసి చూస్తే, ఇద్దరు మనుషులకు భేదం మనం ఊహించినంత ఉండదు. నలుగురైదుగురు కలిసి ఒక గదిలో సర్దుకొనేవారికి సొంత ప్రయాణం కలిసి వస్తుంది. ఒక్కరే పోయేవారికి బస్సు చౌక.

రైలు సౌకర్యం మూడు పట్టణాలకూ ఒకే తీరుగా లేదు. పెద్దపల్లి నుండి కరీంనగరం, లింగంపేట–జగిత్యాల, కోరుట్ల మీదుగా నిజామాబాదు పోయే మార్గం 2017లో పూర్తి అయినది. సిరిసిల్లకు రావలసిన మనోహరాబాదు–కొత్తపల్లి మార్గం 2023 అక్టోబరులో సిద్దిపేట దాకా వచ్చి బండి నడిచినది. దక్షిణాదికి దూరపు బండి పట్టుకోవడానికి సాధారణంగా వరంగల్లుకో, కాజీపేటకో, సికిందరాబాదుకో చేరవలసి ఉంటుంది.

బస్సు నిర్ణయించుకొన్నవారు అడ్వాన్సు ఇవ్వక ముందు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నవి. అన్నిటికన్న ముందు: రాత్రివేళ బండి నడుస్తుందా? గదుల అద్దె మిగుల్చుకోవడానికి రాత్రంతా బస్సు నడిపించి, పగలు గుళ్ళు చూపించడం ఈ వ్యాపారంలో ఉన్న అలవాటు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పని రోజుకు 8 గంటలని, దూరపు మార్గాలలో 10 గంటల దాకా అని చెప్పేది. కాబట్టి డ్రైవర్లు ఎందరు, వారు ఎక్కడ నిద్రపోతారు అని అడగడం మర్యాదకు లోపం కాదు. అడిగితే ముఖం చిట్లించే నిర్వాహకుని బస్సు ఎక్కకపోవడమే క్షేమం.

రెండవది వంట గ్యాసు. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మధుర స్టేషను దగ్గర నిలిపి ఉంచిన యాత్రికుల ప్రత్యేక పెట్టెలో అగ్నిప్రమాదం జరిగి 9 మంది మరణించినారు. వారు లక్నో నుండి బృందంగా వచ్చినవారు. నిషేధమున్నా పెట్టెలోనికి తెచ్చుకొన్న గ్యాసు సిలిండరు దానికి కారణం. ఇంటి వంట దొరుకుతుందని మనం సంతోషించే సౌకర్యమే అజాగ్రత్త వలన అంత పని చేసినది. బస్సులో సిలిండరు ఎక్కడ పెడతారు, మనుషులు కూర్చుండే చోటనా అన్నది కండ్లతో చూచి తెలుసుకోవలసిన విషయం.

మూడవది కాగితం. పోయే ఊళ్ళు, ప్రతి ఊళ్ళో నిలిచే గంటలు, రుసుములో చేరినవి, చేరనివి, యాత్ర ఆగిపోతే తిరిగి ఇచ్చే మొత్తం, ఇవన్నీ వ్రాసి సంతకం చేసిన రసీదు పుచ్చుకోవాలి. వ్రాత ఉంటేనే, మాట తప్పిన నిర్వాహకుని మీద జిల్లా వినియోగదారుల కమిషనుకు పోవడానికి బలం ఉంటుంది. 'రామేశ్వరం' అన్న పేరు గోడకాగితంలో ఉంటే చాలదు. 'రామేశ్వరంలో ఒక రాత్రి బస' అన్న మాట రసీదులో ఉండాలి.

ఈ రెండింటికీ నడుమ మరికొన్ని దారులున్నవి. రైల్వేవారు భారత్ గౌరవ్ పేరుతో నడిపే యాత్రా రైళ్ళలో సికిందరాబాదు నుండి అరుణాచలం, రామేశ్వరం, మధుర, కన్యాకుమారి చూపించే యాత్ర ఒకటి. అందులో రాత్రి ప్రయాణానికి పడక ఉంటుంది, బస్సు కుదుపు ఉండదు. గంటల నిర్బంధం మాత్రం తప్పదు. మాకు అన్నిటికన్న నచ్చినది వాడకట్టు యాత్ర. పదిహేనుమంది ఎరిగినవారు, మహిళా సంఘం వారో, కులసంఘం వారో కలిసి, చిన్న బస్సును తామే మాట్లాడుకొని, ఊళ్ళ వరుస తామే వ్రాసుకొని పోవడం. తమిళమో, ఇంగ్లీషో, కొంచెం హిందీయో వచ్చిన ఒకరు ఉంటే చాలును. భీవండిలో పదేండ్లు పనిచేసి వచ్చిన సిరిసిల్ల మనిషికి కొత్త ఊళ్ళో గది బేరమాడడం ఒకరు నేర్పవలసిన విద్య కాదు. కష్టం ఏమనగా, దారి ఖర్చు లెక్కల దగ్గర ఎరిగినవారి మధ్యనే మనస్పర్ధలు వస్తాయి. డబ్బు పెట్టె ఒకరి చేతికి, లెక్క పుస్తకం మరొకరి చేతికి ఇస్తే అది చాలావరకు తప్పుతుంది.

గుంపు చిన్నదయితే ఊరికి కూడ మేలు. ఇటలీ సముద్రతీరంలోని వెనిస్ నగరం గుంపుల తాకిడి భరించలేక 2024లో మార్గదర్శకుని వెంట 25 మందికి మించి పోరాదని, బాకాలు, లౌడుస్పీకర్లు వాడరాదని కట్టడి చేసినది. మన తీర్థాలలో అటువంటి కట్టడి వస్తుందా అంటే, మా జీవితకాలంలో వచ్చేట్టు కనిపించదు.

కోరుట్ల శ్రోతకు మా సలహా ఇది. భార్య ఒక్కర్తే ఇతర స్త్రీలతో పోయేట్టయితే బస్సు సరి, పైన చెప్పిన మూడు ప్రశ్నలు అడిగి. ఇద్దరూ కలిసి పోయేట్టయితే సొంతంగా పొండి. రామేశ్వరంలో రెండు రాత్రులు, కన్యాకుమారిలో ఒక రాత్రి నిలవండి. చెన్నైలో బండి మారడానికి కనీసం నాలుగు గంటలు చేతిలో ఉంచుకోండి. దారిలోని మిగిలిన క్షేత్రాలను విడిచిపెట్టడానికి మనసొప్పాలి. ఏడు క్షేత్రాలు చూచి వచ్చినామన్న పేరుకు ఆశపడితే మళ్ళీ బస్సు పరుగే అవుతుంది.

ఇంత దూరం సొంతంగా పోవడానికి జంకు ఉంటే, తెలుగు మాట వినిపించే తీరంలో ముందు ఒకసారి అలవాటు చేసికొనడం మంచిది. ధర్మపురిలో లక్ష్మీనరసింహస్వామి పాదాల దగ్గర మనం చూచే గోదావరి, మరొక లక్ష్మీనరసింహస్వామి కొలువున్న అంతర్వేదిలో సముద్రంలో కలుస్తుంది. సికిందరాబాదు నుండి నరసాపురానికి రైలు ఉన్నది. అక్కడ పంటు మీద వసిష్ఠ గోదావరిని దాటి సఖినేటిపల్లి రేవులో దిగితే, అంతర్వేదికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. నదీ సముద్రాలు కలిసేచోట ఎంతసేపు కూర్చున్నా హారను మ్రోగించేవారు ఉండరు. వరద వచ్చిన రోజులలో పంటును ఆపివేస్తారు. మాఘమాసంలో స్వామివారి కల్యాణానికి జనం విపరీతం. ఆ రెండు కాలాలూ తప్పించి, కార్తీకం వెళ్ళిన తరువాత మార్గశిరంలో పోవడం అనుకూలం.